చెప్పుల పక్కన వాకరు

డాలస్ పక్క ఇర్వింగ్ నుంచి షికాగో దగ్గరి అరోరాకు కారులో వెళ్లొచ్చిన తెలుగువాళ్లు చాలామందే ఉంటారు గానీ, ఆ దారి గురించి రాసినవాళ్లు ఉన్నట్టు లేరు. కారణం పెద్ద రహస్యమేం కాదు. చూడటానికి ఏమీ లేదు. టెక్సస్‌లో గడ్డి, ఓక్లహోమాలో ఎండిన గడ్డి, మిస్సోరీలో గుట్టల మీద చెట్లు, ఇల్లినాయ్‌లో మొక్కజొన్న. మధ్యమధ్య గుహలున్నాయనీ, ఫలానాది ప్రపంచంలోకెల్లా పెద్దదనీ బోర్డులు పిలుస్తూనే ఉంటాయి. మేం దేనికీ ఆగలేదు. వెనక సీట్లు మడిచి రెండు వాకర్లు నిలబెట్టుకున్నాం. మా కారు గుహ చూడబోతున్నట్టు లేదు, ఆస్పత్రి నుంచి పారిపోతున్నట్టు ఉంది.

మాది ఇర్వింగ్‌లో ఓ చిన్న కంపెనీ. దీర్ఘకాలపు జబ్బులున్న పెద్దవాళ్లు పడిపోకుండా నడవడానికి వాకర్లు తయారు చేస్తాం. చక్రాలూ బ్రేకులూ నా పని. అమెరికా వెళ్లి రాకెట్లు చేస్తానని మా గుంటూరు బంధువులకు ఆశ ఉండేది. ఇప్పుడు "మా హారిక బళ్ల డిజైన్‌లో ఉంది" అని చెప్పుకుంటున్నారు. ఆ బండి తాబేలుకు కూడా దారి ఇస్తుందన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పరు.

నాతో వచ్చింది మా కంపెనీలోనే పనిచేసే రోహన్. ఫిజియోథెరపిస్టు. పుట్టిందీ పెరిగిందీ డాలస్ పక్కన కాపెల్‌లో. తెలుగు మాట్లాడతాడు. మర్యాద తెలిసినవాడు కాబట్టి పెద్దవాళ్లందరినీ "మీరు" అంటాడు. వాక్యం చివరికి వచ్చేసరికి ఆ మర్యాద అయిపోతుంది. "ఆంటీ, మీరు కూర్చో" అన్నమాట.

మేం వెళ్తున్నది అరోరాలో సుశీల ఆంటీ అనే ఆవిడ కోసం. పార్కిన్సన్స్, దానికి తోడు ఏళ్లనాటి షుగరు. మా పాత మోడల్ వాకరు వాడుతూ కూడా ఈమధ్య తరచూ పడిపోతున్నారు. ఆవిడ కూతురు మాధవి అక్క మాకు ఫోన్ చేసి సంగతి తేల్చి చెప్పింది.

"వచ్చే సోమవారం నుంచి నాకు ఆఫీస్‌కి వెళ్లడం కంపల్సరీ. పగలంతా అమ్మ ఒక్కతే ఇంట్లో. వీల్‌చైర్ ఆర్డర్ చేశాను, గరాజ్‌లో ఉంది. మీరొచ్చి చూసి సేఫ్ అంటే నడుస్తుంది. లేదంటే మండే నుంచి చైర్, పెద్దవాళ్ల డే కేర్."

వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది. "ఆ చైర్ల నువ్వే కూసో."

సుశీల ఆంటీతో నా పరిచయం అలా జరిగింది.

కాపెల్: పచ్చళ్ల బస్సు

గురువారం పొద్దున్న రోహన్‌ను ఎక్కించుకోవడానికి కాపెల్ వెళ్లాను. మన ఊళ్లో బస్సు డ్రైవర్ చేతికి పార్సిల్ ఇచ్చి పంపుతారు చూడండి, అమెరికాలో ఆ ఆచారం పోలేదు. డ్రైవర్ మారాడంతే. "కారు షికాగో వైపు వెళ్తోంది" అన్న ముక్క వాట్సాప్ గ్రూపులో పడితే చాలు. నేను వెళ్లేసరికి రోహన్ వాళ్లమ్మ లలిత ఆంటీ వరండాలో మూడు సంచులు సిద్ధంగా పెట్టుకున్నారు.

"ఏం లేదమ్మా, చిన్న సీసా. అరోరా పక్కనే నేపర్‌విల్‌లో మా ఆడపడుచుకి."

చిన్న సీసా అంటే అందులో పసిబిడ్డకు స్నానం చేయించొచ్చు.

"అమ్మా, this is a work trip," అన్నాడు రోహన్. "వాకర్స్ మీద పెట్టకు."

"మీద ఎక్కడ పెడుతున్నాను నాన్నా? మధ్యలో పెడుతున్నాను. కుదురుగా కూర్చుంటుంది."

నిజంగానే కుదురుగా కూర్చుంది. పెద్దవాళ్ల కోసం మేం వాకరుకు అమర్చిన మెత్తటి సీటు మీద సీటు బెల్టు పెట్టుకుని మరీ కూర్చుంది ఆవకాయ. రెండో వాకరుకు ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. అది స్పేర్, మొదటిదానికేమైనా అయితే ఉంటుందని. దాని మీద గోంగూర పెట్టనివ్వకుండా కాపాడటం ఆ ఉదయం నేను చేసిన ఏకైక ఇంజనీరింగ్ పని.

ఓక్లహోమా: టెన్నిస్ బంతులు

ఓక్లహోమాలో ఓ పెట్రోలు బంకు పక్కన ఫలహారశాల. ఇక్కడ బంకుల్లో అరటిపండ్లు ఒక్కొక్కటి విడిగా అమ్ముతారు, డాలరుకు ఒకటి. గుంటూరులో ఆ డబ్బుకు అరటిపండ్లవాడు గెల మీద చెయ్యి వేయనిస్తాడు. లలిత ఆంటీ కట్టిచ్చిన పులిహోర కారులో ఉంది కాబట్టి కాఫీ ఒక్కటే తీసుకున్నాం.

పక్క బల్ల దగ్గర ఓ తాత ఒంటరిగా తింటున్నాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, పక్కన మామూలు అల్యూమినియం వాకరు. దాని వెనక కాళ్లకు రెండు టెన్నిస్ బంతులు తొడిగి ఉన్నాయి. నేల మీద గీసుకోకుండా జారడానికి అమెరికా అంతటా వాడే చిట్కా అది. ఆటలు మానేసిన వయసులో బంతులు వాకరు కాళ్లకు చేరతాయి. పేరు ఎర్ల్ అని చెప్పాడు. ఊపిరితిత్తుల జబ్బు.

రోహన్‌కు ఎవరైనా తప్పుగా నడుస్తుంటే కూర్చోవడం చేతకాదు. ఎర్ల్ కాఫీ తెచ్చుకోవడానికి లేచి, నడుం దాదాపు సగానికి వంచి కౌంటరు దాకా వెళ్లి వచ్చాడు.

"సార్, మీ వాకరు మీకు చాలా పొట్టిది. సరిచేయనా?" అని ఇంగ్లీషులో అడిగాడు రోహన్.

"అది నా భార్యది," అన్నాడు ఎర్ల్. "ఆమె పొట్టిది."

ఆయన భార్య పోయాక ఆ వాకరును అలాగే తీసుకుని, ఆమె ఎత్తుకు వంగి నడుస్తున్నాడని అర్థమైంది. వాకరు కాళ్లకు చిన్న మీటలుంటాయి, నొక్కి లాగితే ఎత్తు పెరుగుతుంది. ఒక్క నిమిషం పని. ఆ ఒక్క నిమిషం మొదలుపెట్టాలా వద్దా అని రోహన్ నా వంక చూశాడు.

ఎర్లే అన్నాడు, "కానివ్వు. ఆమె ఏమీ అనుకోదు. నన్ను నిటారుగా నిలబడమని నలభై ఏళ్లు చెప్పింది."

నాలుగు కాళ్లూ పెంచాం. ఎర్ల్ లేచి నిలబడ్డాడు, ఊపిరి కూడా తేలిగ్గా పీల్చుకున్నాడు. తల ఎత్తి కౌంటరు పైనున్న బోర్డు వంక చాలాసేపు చూశాడు.

"ధరలు పెంచేశారే," అన్నాడు.

తర్వాత పార్కింగులో మా వాకరు తోసి చూశాడు. మామూలు చక్రాల వాకరును బ్రేకు నొక్కి ఆపాలి. అడుగుల మీద పట్టు తప్పి ముందుకు తూలుతున్న మనిషికి ఆ క్షణంలో వేళ్లు మాట వినవు, వాకరు ముందు పారిపోతుంది. మేం దాన్ని తిరగేశాం. పిడి నొక్కి పట్టుకుంటేనే కదులుతుంది, వదిలితే ఉన్నచోటే బిగుసుకుంటుంది. ఎర్ల్ రెండు చుట్లు తిరిగి తీర్పు చెప్పాడు. "బ్రేకు బాగుంది. నా కుక్క ఎక్కడ కూర్చుంటుంది?"

సీటు మీద ఆవకాయ ఉంది.

మిస్సోరీ: వాఫుల్లోకి ఆవకాయ

మిస్సోరీలో రాత్రికి ఆగిన మోటెల్లో పొద్దున్న ఫలహారం ఉచితం. వాఫుల్ మనమే వేసుకోవాలి. కప్పుతో పిండి పోసి, ఇనప పెనం మూత వేసి, మొత్తం తలకిందులు చేస్తే అది కూత పెడుతుంది. అట్టు తిరగేయడానికి ఇంత యంత్రాంగం పెట్టుకున్న జాతి చంద్రుడి మీదకు వెళ్లడంలో ఆశ్చర్యం లేదు.

కారు తలుపు తీయగానే తెలిసింది, మూత వదులైందని. ఓక్లహోమా రోడ్ల కుదుపుకు ఆవకాయ నూనె సీటు మీద నుంచి జారి బ్రేకు తీగ దాకా పాకింది. వాకరును కిందికి దించి పిడి వదిలాను. బిగుసుకోవాల్సిన వాకరు హాయిగా ముందుకు వెళ్లి డస్ట్‌బిన్‌ను పలకరించింది. ఏడాది పాటు నీళ్లు, ఇసుక, మంచు, అన్నింటితో పరీక్షించాం. నువ్వుల నూనె ఎవరికీ తట్టలేదు.

రిసెప్షన్‌లో ఉన్నావిడ గుప్పెడు షాంపూ సీసాలు ఇచ్చింది. నేను పార్కింగులో కూర్చుని వాకరుకు తలంటు పోస్తుంటే దగ్గరికొచ్చి వాసన చూసి, ఏమిటిది అని అడిగింది. రుచి చూపించాం. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా వాఫుల్ ముక్కతో ఇంకాస్త అద్దుకుని తింది. మధ్యాహ్నానికల్లా బ్రేకు పనిచేసింది. వాసన మాత్రం ఉండిపోయింది.

అరోరా: శుక్రవారం సాయంత్రం

సుశీల ఆంటీ హనుమకొండలో ఆడపిల్లల హైస్కూల్లో పీఈటీగా పనిచేసి రిటైరయ్యారు. అంటే ఆటల టీచరు. ఎండలో వందలమంది పిల్లల చేత కవాతు చేయించిన మనిషి. ఇప్పుడు సొంత కాళ్లే వరస తప్పుతున్నాయి. ఆవిడ దీన్ని ఒక వైద్య సమస్యగా చూడటం లేదు, క్రమశిక్షణ సమస్యగా చూస్తున్నారు.

"ఎడమది మొదటి నుంచి మొండిదే," అన్నారు కాలు చూపించి. "కుడిది మంచిగుండె. దాన్ని జూసి ఇది గూడ చెడ్డది."

మేం గుమ్మంలో బూట్లు విప్పాం. చెప్పుల స్టాండు పక్కన మా పాత మోడల్ వాకరు బుద్ధిగా నిలబడి ఉంది. నేను డిజైన్ చేసిన మొట్టమొదటి చక్రాలు అవి. పాత విద్యార్థిని చూసినట్టు దాని పిడి మీద తట్టి లోపలికి వెళ్లాను.

రాత్రి భోజనంలోకి సర్వపిండి. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు కలిపి గిన్నెకు అద్ది కాలుస్తారు. ఆంటీ కుర్చీలోంచి ఆజ్ఞలు జారీ చేస్తుంటే మాధవి అక్క కాల్చింది.

"మా వైపు దీన్ని తపాలచెక్క అంటారాంటీ," అన్నాను.

"మీ దిక్కు ఏదన్నా అనుకోండ్రి. పుట్టింది మా దిక్కు."

రోహన్ ఆంటీకి పరీక్షలు మొదలుపెట్టాడు. "ఆంటీ, మీరు నిలబడు. నేను చూస్తారు."

ఆంటీ లేవకుండా నా వైపు తిరిగారు. "బిడ్డా, ఈ పిలగాని తెలుగుకు గూడ ఒక వాకర్ తేవాల్సింది."

ఆ రాత్రి అందరం నవ్వాం. ఒక్క మాధవి అక్క మాత్రం మధ్యమధ్యలో గరాజ్ తలుపు వంక చూస్తూ ఉంది.

శనివారం: బియ్యం బస్తా

పొద్దున్న ఇంటి ముందు డ్రైవ్‌వే మీద కొత్త వాకరుతో పరీక్ష. ఆంటీ అద్భుతంగా నడిచారు. ఒకచోట అడుగులు చిన్నవై ముందుకు తూలబోతే వేళ్లు వదులయ్యాయి, వాకరు అక్కడే బిగుసుకుని ఆపేసింది. అక్క చప్పట్లు కొట్టింది. కుక్కను తిప్పుతున్న ఎదురింటాయన కూడా ఎందుకో తెలియకుండానే కొట్టాడు. నా బ్రేకును చూసి నాకే ముద్దొచ్చింది. సమస్య తీరిపోయిందనీ, సాయంత్రం గుడికి వెళ్లి పులిహోర తినొచ్చనీ అనుకుంటూ లోపలికొచ్చాం.

"చాయ్ పెడ్త ఉండుండ్రి," అన్నారు ఆంటీ.

"అమ్మా, నేను పెడతా."

"నీ చాయ్ చాయా? వేడినీళ్లకు రంగేస్తవ్."

ఆంటీ బయలుదేరారు. గోడ, సోఫా వీపు, డైనింగ్ కుర్చీ, ఇలా ఒక్కోదాన్ని పట్టుకుంటూ ఆర్డినరీ బస్సులాగా అన్ని స్టాపుల్లో ఆగుతూ వంటింటి గుమ్మం దాకా వెళ్లారు. అక్కడ కాళ్లు ఆగిపోయాయి. పార్కిన్సన్స్‌లో ఇది మామూలే. ఇరుకు జాగా, తలుపు మధ్య, మలుపు వస్తే పాదాలు నేలకు అతుక్కుపోతాయి. మనిషికి వెళ్లాలనే ఉంటుంది, పాదాలకు ఆ కబురు అందదు.

అక్క పరుగెత్తింది. మనవాళ్లందరం చేసే పనే చేసింది. జబ్బ పట్టుకుని "రా అమ్మా, రా" అని లాగింది. ఒంటి పైభాగం వచ్చింది, పాదాలు రాలేదు. రోహన్ అందుకునేలోపు ఆంటీ పక్కకు ఒరిగి, గోడకు ఆనించిన సోనా మసూరి బస్తా మీద పడ్డారు.

దెబ్బ తగల్లేదు. రోహన్ మోకాళ్ల మీద కూర్చుని అన్నీ చూశాడు. ఆంటీ ముందు మాట: "బియ్యం పారబోయలే గద?"

అక్క నవ్వలేదు. గరాజ్‌లోకి వెళ్లి వీల్‌చైర్ పెట్టెను ఈడ్చుకొచ్చి హాలు మధ్యలో పెట్టింది. టేపు చించడం మొదలుపెట్టింది.

"అయిపోయింది. మీ ముందరే పడింది. ఇంకేం టెస్ట్ చేస్తారు?"

"మాధవీ, ఆగవే."

"ఏం ఆగాలమ్మా? నేను ఆఫీస్‌లో మీటింగ్‌లో ఉంటా, నువ్విక్కడ కింద పడి ఉంటావ్. నాకు ఆ చాయ్ వద్దు, ఏదీ వద్దు."

ఆంటీ బస్తా మీదే కూర్చుని మెల్లగా అన్నారు. "బాత్రూంకు పోవాల్నంటే గూడ ఒకల్ని పిలవాల్నా బిడ్డా? నేను ఈల ఊదితె మూడు వందల మంది లేశి నిలబడేటోళ్లు."

నేను వెళ్లి బస్తా పక్కన నేల మీద కూర్చున్నాను.

రోహన్ ఒక్కడే చుట్టూ వెతుకుతున్నాడు. "వాకర్ ఎక్కడ?" అన్నాడు.

అందరం గుమ్మం వైపు చూశాం. కొత్త వాకరు చెప్పుల స్టాండు దగ్గర, పాత వాకరు పక్కన, ఇద్దరు స్నేహితుల్లా నిలబడి ఉంది. దాన్ని అక్కడ పెట్టింది నేనే. ఎవరూ చెప్పలేదు. బూట్లు విప్పాను, వాకరు అందుకుని వాటి పక్కన పెట్టాను, చేతులు దులుపుకుని లోపలికొచ్చాను. రోహన్ దాని పక్కనుంచే నడిచి వచ్చాడు. ఆంటీ దాన్ని అక్కడ వదిలి గోడ పట్టుకున్నారు. మా నలుగురిలో ఏ ఒక్కరికీ అందులో వింత కనిపించలేదు.

"ఆంటీ, ఇంట్లో ఎప్పుడూ వాకర్ వాడరా?" అడిగాను.

"ఇంట్లకెట్ల తెస్తరే? రోడ్ల మీద తిరిగిన చక్రాలు."

"మేం ఫోన్‌లో అడిగినప్పుడు రోజూ వాడతానన్నారు కదా."

"వాడ్త. బయటికి పోతె వాడ్త. అబద్ధం జెప్పిన్నా?"

ఆవిడ పడిందంతా ఇంట్లోనే. ఆ పడటాలకు కారణం నా పాత బ్రేకేనని నమ్మి నేను కొత్త బ్రేకు చేశాను. అమెరికన్ నర్సు వారం వారం వస్తుందట, బూట్లకు నీలం ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని. ఇంట్లో వాకరు వాడమని కాగితం కూడా అంటించి వెళ్లిందట. ఫ్రిజ్ మీద ఉంది. వాకరు చెప్పుల దగ్గర ఎందుకుందో ఆ నర్సుకు తట్టలేదు. మాకు తట్టలేదంటే మాత్రం, కారణం తెలియక కాదు, మరీ ఎక్కువ తెలిసి.

"చక్రాలకు కూడా ఆ నీలం కవర్లు వేస్తే?" అంది అక్క. టేపు చించడం ఆపింది.

"జారుతుందక్కా. బ్రేకు పడదు."

"తుడిచి తెస్తే?" అన్నాడు రోహన్.

ఆంటీ వాణ్ని జాలిగా చూశారు. "తుడిశిన చెప్పులేసుకోని దేవునర్ర లోపటికి పోతవా నువ్వు?"

దానికి ఫిజియోథెరపీలో జవాబు లేదు. కారులో మాత్రం ఉంది. ప్లాస్టిక్ కవరు విప్పని రెండో వాకరు. దాని చక్రాలు ఇంతవరకు నేలనే తాకలేదు.

అదే రోజు మధ్యాహ్నం: గృహప్రవేశం

వాకరును గాలిలో ఎత్తుకుని, చక్రాలు డ్రైవ్‌వేకు తగలకుండా నేనూ రోహన్ పల్లకీ మోసినట్టు మోసుకొచ్చాం. ఎదురింటాయన మళ్లీ చూశాడు. ఈసారి చప్పట్లు కొట్టలేదు. గుమ్మంలో ఆంటీ ఆపారు.

"కుడి చక్రం ముందట పెట్టుండ్రి."

దించాక పిడికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. పిడి మీద జారే పదార్థాలు పెట్టకూడదని మేం ముద్రించిన హెచ్చరిక అక్కడే ఉంది. నేను చదవనట్టు నటించి, ఆవిడ చూడకుండా పట్టు దగ్గర పసుపు తుడిచేశాను. ఒప్పందం ఏమిటంటే ఇది ఎప్పటికీ గడప దాటదు, డ్రైవ్‌వే మీద తిరిగింది ఎప్పటికీ గడప లోపలికి రాదు.

తర్వాత కాళ్లు ఆగిపోయినప్పుడు ఏం చేయాలో రోహన్ నేర్పించాడు. లాగకూడదు, తోయకూడదు, ముందు ఆగాలి. బరువు ఒకసారి ఈ కాలి మీదకు, ఒకసారి ఆ కాలి మీదకు మార్చాలి. అప్పుడు ఒక పెద్ద అడుగు వేయాలి. ఇదంతా తెలుగులో చెప్పడానికి పడ్డ పాట్లు చూస్తే వాడికి కూడా కాళ్లు ఆగిపోయినట్టుంది.

"ఆంటీ, మీ weight ఇటు ఇవ్వు, అటు ఇవ్వు, కానీ మీరు వెళ్లకు..."

ఆంటీ కాసేపు విని అన్నారు. "అంటే మార్క్ టైమా?"

కవాతులో ముందుకు వెళ్లకుండా ఉన్నచోటే కాళ్లాడించడాన్ని అలా అంటారు. ఆ మాట రోహన్‌కు తెలియదు. చేసి చూపించారు. వాడు నోరు తెరిచాడు.

"Yes! అదే!"

"గది ముందుగాల జెప్పరాదు? పొద్దటి సంది ఇటియ్యి అటియ్యి అనుకుంట."

ఆదివారం: టీ ఎక్కడ తాగాలి

అసలు పరీక్ష ఆదివారం పొద్దున్న. మందు వేసుకుని అది పట్టుకునే దాకా ఆగాం. ఆంటీ పడకగది నుంచి వంటింటికి ఒక్కరే వెళ్లాలి. మాధవి అక్క సోఫాలోంచి లేవకూడదు. అదీ షరతు. వీల్‌చైర్ పెట్టె సగం చిరిగిన టేపుతో హాలు మధ్యలో అలాగే ఉంది. దాన్ని చుట్టి వెళ్లాలి కాబట్టి అది కూడా పరీక్షలో భాగమైంది.

ఆంటీ పడకగది గుమ్మం దాటారు. పెట్టెను చుట్టి వచ్చారు. వంటింటి గుమ్మంలో, నిన్న పడ్డచోటే, పాదాలు ఆగిపోయాయి.

అక్క సగం లేచింది. రోహన్ చెయ్యెత్తాడు. అక్క కూర్చుంది. కుషన్ ఒళ్లోకి లాక్కుని దాని ప్రాణం తీస్తోంది.

ఆంటీ పిడి వదిలారు. వాకరు బిగుసుకుంది. అప్పుడు ఆవిడ తన పాదాల వంక చూసి, గ్రౌండు అవతలి చివర నిలబడ్డ పిల్లలకు కూడా వినిపించే గొంతుతో అరిచారు.

"స్క్వాడ్! మార్క్ టైమ్!"

నేను అదిరిపడి నిటారుగా అయ్యాను. రోహన్ కూడా. ఆంటీ ఒళ్లు ఇటూ అటూ ఊగింది. ఎడమ మడమ కొంచెం లేచింది. మళ్లీ అతుక్కుంది. మళ్లీ ఊగారు. మడమ లేచింది.

"ఫార్వర్డ్..."

పిడి నొక్కారు. మొండిది అన్నారే, ఆ ఎడమ కాలే ముందు కదిలింది. ఆంటీ వంటింట్లోకి వెళ్లిపోయారు.

మేం ఎవరం లేవలేదు. స్టవ్ వెలిగిన చప్పుడు, అల్లం దంచిన చప్పుడు, ఫ్రిజ్ తలుపు. ఏ చప్పుడు ఆగినా అక్క మెడ సాగేది. చాలాసేపటికి పిలుపు వచ్చింది.

"చాయ్ అయింది. వచ్చి తాగుండ్రి."

"ఇక్కడికి తేవా అమ్మా?" అంది అక్క. అన్నాక నాలుక కరుచుకుంది.

"ఎట్ల తేవాల్నే? రెండు చేతులు బండి మీదున్నయ్."

వాకరు పట్టుకున్న మనిషి కప్పు ఎలా మోస్తుందని ఏడాది పాటు ఒక్క మీటింగులో కూడా ఎవరం అనుకోలేదు. కప్పు పెట్టుకునే గూడు ఒకటి చేసి పంపిస్తానని గుమ్మంలో నిలబడే వాగ్దానం చేశాను.

"పంపు. తొందరేం లేదు," అన్నారు ఆంటీ. "ఇప్పుడైతె నా చాయ్ కావాల్నంటే ఈ కిచెన్ దాక రావాలె. గిదే మంచిగున్నది."

నలుగురం వంటింట్లో నిలబడే తాగాం. అక్క ఒక గుక్క తాగి, "చక్కెర ఎక్కువైంది," అంది.

"నీకే ఎక్కువేసిన. నాకెట్లాగూ షుగరాయె."

రోహన్ తన తీర్పు దాచకుండా చెప్పాడు. ఈ రోజుకు సేఫ్. మందు దిగిపోయే వేళల్లో నడవొద్దు. పడితే నొక్కి సాయం పిలిచే బటన్ మెడలో వేసుకోవాలి. జబ్బు ముందుకే పోతుంది కాబట్టి కొన్ని నెలలకోసారి మళ్లీ చూడాలి. ఏదో ఒక రోజు చైర్ కావాలి, దాన్ని తిట్టుకోవద్దు.

"అయినా పడితే?" అంది అక్క.

"పడొచ్చు అక్కా. చైర్‌లోంచి లేవబోయి కూడా పడొచ్చు. Zero risk నేను ఇవ్వలేను."

ఆంటీ రోహన్ చేతిలోని బటన్ తాడు అందుకుని మెడలో వేసుకున్నారు. సర్దుకుని చూసుకున్నారు. "ఈల లెక్కనే ఉన్నది," అన్నారు.

అక్క కప్పు సింకులో పెట్టింది. "రేపు ఆఫీస్‌కి వెళ్తా," అంది.

"పోవే తల్లీ. ఎన్ని దినాలని నా మొకం జూస్కుంట కూసుంటవ్?"

బయలుదేరుతూ

సాగనంపడానికి ఆంటీ బయటి వాకరుతో డ్రైవ్‌వే చివరి దాకా వచ్చారు. రెండు డబ్బాల సర్వపిండి ఇచ్చారు, ఒకటి మాకు, ఒకటి ఎవరికో. ఎవరో సమీప బంధువు డాలస్‌లో ఉన్నారట. రోహన్‌తో, "మంచిగ నడుపు బిడ్డా," అన్నారు. వాడు, "మీరు కూడా ఆంటీ," అన్నాడు. మొదటిసారి తప్పు లేకుండా మాట్లాడాడు.

కారెక్కి కూర్చున్నాం గానీ కదల్లేదు. ఆవిడ లోపలికి వెళ్లడం చూడాలి. గుమ్మంలో చెప్పులు విడవాలి, బయటి వాకరు వదలాలి, లోపలి వాకరు అందుకోవాలి. మొత్తం ఏర్పాటులో అన్నింటికంటే ప్రమాదకరమైన చోటు అదే. ఆచారాన్ని కాపాడబోయి ఆ చోటును తయారుచేసింది మేమే. వదిలితే బిగుసుకునే బ్రేకు నాదే, అది పనిచేస్తుందని నాకు తెలుసు. అయినా నా చేతులు డ్యాష్‌బోర్డును పట్టుకున్నాయి.

మాధవి అక్క గుమ్మం పక్కన, తల్లికి జానెడు దూరంలో నిలబడి ఉంది. ఆంటీ చెప్పులు విడిచారు. ఒక చెయ్యి ఎత్తారు. ఆ చెయ్యి గాలిలో వణుకుతూ లోపలి పిడి కోసం వెతికింది. అక్క రెండు చేతులూ స్వెటర్ జేబుల్లోకి తోసేసుకుంది. జేబుల్లో బిగించిన పిడికిళ్లు కారులోంచి కూడా తెలుస్తున్నాయి.

పిడి దొరికింది. ఆంటీ ఆగారు. ఇటూ అటూ ఊగారు. రెండో చెయ్యి కూడా లోపలికి వెళ్లింది, తర్వాత ఒక కాలు, తర్వాత ఇంకో కాలు.

అక్క చేతులు జేబుల్లోనే ఉన్నాయి. తల్లి వెనకే లోపలికి వెళ్లి, మోచేత్తో తలుపు మూసింది.